సొంత పొలంలో కయోటీలకు ట్రాప్ పెట్టడం ఎలా: తొలిసారి మొదలుపెట్టేవారికి

టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఊరికి గంట దూరంలో పది పదిహేను ఎకరాలు కొని, అక్కడ కొన్ని మేకలనో గొర్రెలనో పెంచుకుంటున్న తెలుగువారు కొందరున్నారు. నేనూ వారిలో ఒకడిని. అలాంటి పొలంలో ఏదో ఒక ఉదయం మందలో మేకపిల్ల ఒకటి తక్కువవుతుంది, కంచె కింద మట్టి గీరినట్లు కనిపిస్తుంది, రాత్రి విన్న ఊళలు అప్పుడు గుర్తుకొస్తాయి. ఆ కోపంలో డజను ట్రాప్‌లు కొని తెచ్చి పొలమంతా పరచాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ట్రాప్ పెట్టిన క్షణం నుంచి దాన్ని తిరిగి పీకేదాకా రోజూ తెల్లవారేసరికి వెళ్లి చూడవలసిన బాధ్యత మీదే అవుతుంది. కాబట్టి మీరు రోజూ చూడగలిగినన్ని మాత్రమే, అదీ కయోటీ నిజంగా నడిచే చోట మాత్రమే పెట్టాలి. రెండు మూడు ట్రాప్‌లతో మొదలుపెట్టేవారిని దృష్టిలో ఉంచుకొని ఈ పద్ధతి రాస్తున్నాను.

కయోటీ మన నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది. టెక్సాస్‌లో పెరిగిన జంతువు సాధారణంగా 25 నుంచి 40 పౌండ్ల బరువు ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలోని కయోటీకి, అందులోనూ టెక్సాస్‌కు సంబంధించినది. మన ఊళ్లో నక్కల బెడద ఉందని ఎవరైనా ఇది చదివి అక్కడ ప్రయత్నించకూడదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను ఉచ్చు వేసి పట్టడం కూడా వేట కిందికే వస్తుంది, అది నేరం.

ముందు చట్టం

టెక్సాస్‌లో కయోటీ వేటకు కాలపరిమితి గాని, ఇన్ని మాత్రమే పట్టాలన్న లెక్క గాని లేదు. అయినా వేట లైసెన్సు ఉండాలి. మీ పశువుల మీద, కోళ్ల మీద దాడి చేస్తున్న, చేయబోతున్న, లేదా ఇటీవలే దాడి చేసిన కయోటీల విషయంలో మాత్రం లైసెన్సు అక్కరలేదని రాష్ట్రం మినహాయింపు ఇచ్చింది. నా సలహా ఏమిటంటే మినహాయింపు మీద ఆధారపడకుండా లైసెన్సు తీసుకోండి. 1971 సెప్టెంబరు 2న లేదా ఆ తరువాత పుట్టినవారు దానితోపాటు హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ నిబంధనను కూడా పాటించాలి. ఆ శిక్షణలో నేర్పే తుపాకీ జాగ్రత్తలు ఈ పనిలో ఎలాగూ అవసరమవుతాయి.

లైసెన్సు తీసుకోమని చెప్పడానికి మన వాళ్లకు సంబంధించిన మరో కారణం ఉంది. హెచ్1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. పట్టుబడిన జంతువును చివరికి తుపాకీతోనే చంపవలసి వస్తుంది కాబట్టి, మీ వీసా స్థితి ఏమిటో ముందే చూసుకొని, సందేహం ఉంటే న్యాయవాదిని అడిగి, ఆ తరువాతే ట్రాప్ సంగతి ఆలోచించండి.

ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు టెక్సాస్ నియమాలే తమకూ వర్తిస్తాయని అనుకోరాదు. న్యూజెర్సీ 1984లోనే కాలిని పట్టే ఇనుప ట్రాప్‌లను నిషేధించింది. కొలరాడో, మసాచుసెట్స్ 1996లో, కాలిఫోర్నియా 1998లో ప్రజల ఓటుతో కఠినమైన ఆంక్షలు తెచ్చాయి. టెక్సాస్‌లోనైనా మీ భూమి నగర పరిధిలోకి వస్తే తుపాకీ పేల్చడం మీద స్థానిక ఆంక్షలు ఉండవచ్చు. వేట నియమాలను అమలుచేసే అధికారి అయిన జిల్లా గేమ్ వార్డెన్‌కు ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది. నేను చేసినప్పుడు ఆయన విసుక్కోకుండా పావుగంట మాట్లాడారు. విషం పెట్టిన మాంసం సంగతి మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు: పురుగుమందును లేబుల్‌పై చెప్పని పనికి వాడటమే ఫెడరల్ నేరం, పైగా దానిని తినేది ముందుగా రాబందులు, పక్కింటి కుక్కలు.

చంపినది కయోటీయేనా?

చచ్చిన మేకపిల్లను వెంటనే పూడ్చకుండా ముందు పరిశీలించండి. కయోటీ సాధారణంగా గొంతును, దవడ కింది భాగాన్ని పట్టి ఊపిరాడకుండా చంపుతుంది. అక్కడ చర్మం వలిచి చూస్తే పళ్లు దిగిన చోట రక్తం గడ్డకట్టి ఉంటుంది. ముందే చచ్చినదాన్ని తరువాత తిన్నట్లయితే ఆ గడ్డకట్టిన రక్తం కనిపించదు. పిక్కలు, తోక, చెవులు ఇష్టం వచ్చినట్లు చీలిపోయి, ఒకేసారి అనేక జంతువులు గాయపడితే అది ఊరకుక్కల పని అయ్యే అవకాశం ఎక్కువ. తినగా మిగిలినదాన్ని గడ్డితో, ఆకులతో కప్పి ఉంచితే బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లిని అనుమానించాలి.

అడుగుజాడల్లోనూ తేడా తెలుస్తుంది. కుక్క పాదముద్ర గుండ్రంగా, వేళ్లు విప్పారి ఉంటుంది, దాని నడక అటూ ఇటూ తిరుగుతుంది. కయోటీ ముద్ర కోలగా, బిగువుగా, సుమారు రెండున్నర అంగుళాల పొడవు ఉండి, గీత గీసినట్లు ఒకే వరుసలో సాగుతుంది. దాని మలం తాడులా మెలితిరిగి, కొనలు సన్నగా, నిండా వెంట్రుకలతో ఉంటుంది. వేసవి చివర్లో అందులో మెస్కీట్ గింజలు కూడా కనిపిస్తాయి. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువే.

కయోటీలు తిరుగుతున్నాయి గాని పశువుల జోలికి రావడం లేదంటే వాటిని వదిలేయడమే తెలివైన పని. ఒక ప్రాంతంలో స్థిరపడిన జంట ఇతర కయోటీలను అక్కడికి రానివ్వదు. ఆ జంటను తీసేస్తే ఖాళీ అయిన చోటికి వచ్చేవి మేకపిల్ల రుచి మరిగినవి కావచ్చు. అలాగే చచ్చిన పశువు కళేబరాన్ని పొలంలో వదలడం, రాత్రి మేకలను దొడ్డిలోకి తోలకపోవడం, కంచె కింది సందులను పూడ్చకపోవడం వంటి లోపాలుంటే ముందు వాటిని సరిచేయండి. గ్రేట్ పిరనీస్ వంటి కాపలా కుక్క మందతో కలిసి పెరిగితే చాలా పొలాల్లో ట్రాప్ అవసరమే రాదు. ఇవన్నీ చేసినా నష్టం ఆగనప్పుడే ముందుకు వెళ్లండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కయోటీలు జనవరి నుంచి మార్చి మధ్య జతకడతాయి, సుమారు 63 రోజులకు ఈనుతాయి. పిల్లలకు మేత తేవలసిన ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే పశువుల మీద దాడులు ఎక్కువవుతాయి. అందువల్ల మేకలు ఈనడానికి ఒకటి రెండు నెలల ముందు, చలికాలం చివర్లో పని మొదలుపెడితే ఫలితం ఉంటుంది. సెప్టెంబరు తరువాత తల్లిని విడిచి తిరిగే కుర్ర కయోటీలు సులువుగా పడతాయి. కాని మీ మేకను చంపినది వాటిలో ఉండకపోవచ్చు. టెక్సాస్ ఎండాకాలంలో ట్రాప్ పెట్టడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే వంద డిగ్రీల ఎండలో కాలు ఇరుక్కున్న జంతువుకు రెండు మూడు గంటలు కూడా నరకమే. మీరు పొలంలో ఉండని వారాల్లో అసలే పెట్టకూడదు. నేను ఇంటి నుంచి పని చేసే రోజులు, సెలవులు కలిపి పది రోజులు కుదిరినప్పుడే పెడతాను.

సామాను

కయోటీ బోనులోకి అంత తేలికగా రాదు. పెద్ద బోను కొని డబ్బు వృథా చేసుకోకండి. కంచె సందుల్లో కట్టే తీగ ఉచ్చులు పని చేస్తాయి గాని, అందులో మీ మేకో కాపలా కుక్కో మెడ దూర్చే ప్రమాదం ఉంది కాబట్టి కొత్తవారికి అవి వద్దు. మొదటిసారికి తగినది కాయిల్ స్ప్రింగ్ ఫుట్‌హోల్డ్ ట్రాప్, అంటే స్ప్రింగుల బలంతో మూసుకునే రెండు ఇనుప దవడలతో కాలిని పట్టి ఉంచేది. దవడల మధ్య వెడల్పు సుమారు అయిదున్నర అంగుళాలు ఉన్నది ఎంచుకోండి. మూసుకున్నప్పుడు రెండు దవడల మధ్య కొద్దిపాటి సందు మిగిలేవి, లేదా దవడలకు రబ్బరు తొడుగు ఉన్నవి, అంచులు మందంగా ఉన్నవి కాలిని కోయకుండా పట్టి ఉంచుతాయి. గొలుసు ట్రాప్ అడుగున మధ్యలో బిగించి ఉండాలి, కనీసం మూడు చోట్ల తిరిగే కీలు ఉండాలి. జంతువు ఎటు తిరిగితే అటు గొలుసు కూడా తిరగకపోతే కాలు మెలిపడి విరుగుతుంది. ఏ ట్రాప్ ఏ జంతువుకు తగినదో పరీక్షించి అమెరికా రాష్ట్రాల వన్యప్రాణి శాఖల సంఘం ప్రచురించిన మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. కొనేముందు కయోటీకి సంబంధించిన భాగాన్ని చదవండి.

వీటితోపాటు రెండడుగుల ఇనుప మేకులు, సుత్తి, చిన్న తొలిక, మట్టి జల్లెడ, రబ్బరు బూట్లు, రెండు జతల చేతి తొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక పట్టా కావాలి. వాసన కోసం కయోటీ మూత్రం, గ్రంథుల నుంచి తయారుచేసిన లూర్ అనే ఘాటైన ముద్ద, పులియబెట్టిన మాంసపు ఎర సీసాల్లో అమ్ముతారు. వాటిని కారు లోపల పెట్టకండి. ట్రాప్‌ను పట్టుకునే తొడుగులు వేరుగా, ఎరను ముట్టుకునే తొడుగులు వేరుగా ఉంచుకోండి. ఎర వాసన ట్రాప్‌కు అంటితే కయోటీ కాలు వేయదు, అక్కడ గోకి తవ్వుతుంది.

కొత్త ట్రాప్‌కు ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. సబ్బు నీటిలో మరిగించి కడిగి, కొన్నాళ్లు బయట వేలాడదీసి పలుచగా తుప్పు పట్టనిచ్చి, తరువాత ట్రాప్‌ల కోసమే అమ్మే రంగు వేయాలి. ఆ పిమ్మట నడిమి పలక, అంటే జంతువు తొక్కగానే కిందికి పడి దవడలు మూసుకునేలా చేసేది, ఎంత బరువుకు పడుతుందో చూడాలి. ఉడుత, చిన్న పిల్లి వంటివి తొక్కితే పడకూడదు, కయోటీ తొక్కితే పడాలి. దానికి నేను చేసే పరీక్ష చాలా సాదా: లీటరు నీళ్ల సీసా, అంటే సుమారు రెండు పౌండ్ల పైచిలుకు బరువు, మెడ పట్టుకొని నిదానంగా పలక మీద దించితే పడకూడదు, రెండు లీటర్ల సీసా దించితే పడిపోవాలి. పలక బిగువు మరను తిప్పి ఆ స్థితికి తెచ్చుకోండి.

ట్రాప్‌ను తెరిచేటప్పుడు నేల మీద పెట్టి, రెండు పక్కల మీటలను రెండు బూట్లతో తొక్కి, దవడలు విప్పాలి. ఒక దవడను తెరిచి పట్టే కొక్కేనికి పలకను తగిలించడానికి వేలిని ఎప్పుడూ కొక్కెం లేని వదులు దవడ కింది వైపు నుంచే పోనివ్వాలి, రెండు దవడల మధ్య నుంచి కాదు. ఇంటి ముందు ఇరవై సార్లు తెరిచి మూసిన తరువాతే పొలానికి వెళ్లండి.

చోటు

కయోటీ కూడా మనలాగే సులువైన దారిలో నడుస్తుంది. బండి బాట, పొలం మూల, కంచె కింద అరిగిన సందు, ఎండిన వాగును దాటే చోటు, చెరువు గట్టు చివర, ఈ చోట్లలో తాజా మలం గాని అడుగు గాని కనిపించినదే మీ చోటు. ట్రాప్‌ను దారి మధ్యలో కాకుండా, గాలి వచ్చే వైపున, దారికి కొన్ని అడుగుల దూరంలో పెట్టాలి. అప్పుడు వాసన దారి మీదికి వీస్తుంది, నడిచే జంతువు ముక్కు అటు తిరుగుతుంది. ఉత్తర టెక్సాస్‌లో చలికాలంలో ఉత్తరపు గాలి వస్తే ఒక లెక్క, దక్షిణపు గాలి తిరిగితే మరో లెక్క, కాబట్టి వాతావరణ సూచన చూసి పెట్టండి.

కళేబరం పక్కన పెట్టడం తేలికగా తోస్తుంది, కాని అది పెద్ద తప్పు. అక్కడికి రాబందులు, గద్దలు వస్తాయి. బాల్డ్ ఈగిల్ ట్రాప్‌లో పడితే ఫెడరల్ చట్టంతో చిక్కు. కనీసం ముప్పై అడుగుల దూరం, వీలైతే ఇంకా ఎక్కువ ఉంచండి. పక్క పొలాల వారికి ముందే చెప్పి, వారి కుక్కలను ఆ పది రోజులు కట్టివేయమని అడిగి, గేటుకు ట్రాప్‌లు ఉన్నాయని బోర్డు తగిలించండి.

ట్రాప్ పెట్టడం

పెద్ద గడ్డి దుబ్బునో ఎండిన పేడకడినో వెనుక అండగా తీసుకోండి. దాని మొదట్లో మూడు అంగుళాల వెడల్పున, ఏటవాలుగా దుబ్బు కిందికి దిగేలా ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు బొరియ తవ్వండి. చిన్న జంతువేదో ఆహారం దాచిపెట్టినట్లు కనిపించాలి. బొరియ ముందు, ట్రాప్ కన్నా కొంచెం పెద్దగా, రెండు అంగుళాల లోతున గుంట తీయండి. గుంట మధ్యలో మేకును మట్టానికి దిగేదాకా కొట్టండి. నేల మెత్తగా ఉంటే రెండు మేకులను ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా దించాలి. మేకు ఊడితే ట్రాప్ కాలికి వేలాడుతుండగా జంతువు పారిపోతుంది, అంతకన్నా దారుణం మరొకటి లేదు. గొలుసును గుంటలో చుట్టి పెట్టి దాని మీద ట్రాప్‌ను ఉంచండి. నడిమి పలక బొరియ అంచు నుంచి సుమారు ఎనిమిది అంగుళాల దూరంలో, నడిగీతకు రెండు అంగుళాలు పక్కకు ఉండాలి, ఎందుకంటే వాసన చూసే కయోటీ ముందుకాలు తల కిందికి రాదు, కొద్దిగా పక్కన పడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. ట్రాప్ చుట్టూ మట్టిని వేళ్లతో కూరి గట్టిగా అదమండి. మీటల మీద, వదులు దవడ మూలల మీద బయటి వైపు నుంచి ఒక్కొక్కచోట నొక్కి చూస్తే ట్రాప్ వెంట్రుకవాసి కూడా ఊగకూడదు. నేను మొదటిసారి పెట్టినది పైకి చక్కగానే కనిపించింది. తెల్లవారి వెళ్లి చూస్తే ట్రాప్ బయటికి తీసి బోర్లా పడేసి, పక్కనే మలం వేసి ఉంది. ఒక మూల కాలి కింద ఊగేసరికి అది గోకి తవ్విందన్నమాట. ఆ పాఠం నేర్చుకున్న కయోటీని పట్టడానికి మరుసటి ఏడాది దాకా నా వల్ల కాలేదు.

పలక కిందికి మట్టి జారకుండా దాని మీద చిన్న దోమతెర ముక్కనో మైనపు కాగితాన్నో పరచి, ఆపైన పావు అంగుళం నుంచి అర అంగుళం మందాన మట్టిని జల్లెడ పట్టండి. ఇక్కడ మన నేల సంగతి చెప్పాలి. డాలస్ చుట్టుపక్కల ఉన్నది అచ్చం మన కర్నూలు, ఆదిలాబాద్ రైతులు ఎరిగిన నల్లరేగడి వంటిదే: ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే జిగురుగా పట్టేస్తుంది, రాత్రి గడ్డకడితే ట్రాప్ రాయిలా బిగుసుకుపోతుంది. అందుకే ఎండ రోజుల్లోనే రెండు బకెట్ల మట్టి జల్లించి, ఆరబెట్టి, మూతపెట్టి దాచుకోవాలి. పైపొరగా ఆ పొడిమట్టినే వాడాలి. వాన పడిన ప్రతిసారీ దాన్ని తీసి కొత్తది చల్లాలి.

చివరగా తొడుగులు మార్చుకొని, ఉసిరికాయంత ఎరను బొరియలోకి జార్చి, గడ్డి పోచలు కొన్ని కుక్కండి. బొరియ పై అంచుకు లూర్ కొద్దిగా పూయండి, వెనుక దుబ్బు మీద మూత్రం రెండు చిమ్మలు చిమ్మండి. మిగిలిన మట్టిని పట్టా మీదే దూరంగా తీసుకువెళ్లి పారబోయండి. అక్కడ ఉమ్మకండి, కాఫీ తాగకండి, పని ముగిసినా చూస్తూ నిలబడకండి.

ప్రతి ఉదయం

బొచ్చు జంతువుల కోసం పెట్టిన ట్రాప్‌ను 36 గంటలకు ఒకసారైనా చూడాలని టెక్సాస్ నియమం. చట్టం లెక్కలో కయోటీ బొచ్చు జంతువు కాదు, అయినా ఆ లెక్కలోకి వచ్చే రాకూన్, బూడిద నక్క కూడా మీ ట్రాప్‌లో పడగలవు కాబట్టి ఆ నియమం మీకు పరాయిది కాదు, కాని 36 గంటల దాకా ఆగకండి. వెలుతురు రాగానే రోజూ వెళ్లండి. ఏమీ పడకపోతే దూరం నుంచే బైనాక్యులర్‌తో చూసి వెనుదిరగండి.

కుక్క పడితే పరుగెత్తకండి. నిదానంగా మాట్లాడుతూ దగ్గరికి వెళ్లి, మందపాటి కోటు దాని తల మీద కప్పి, లేదా ఒక పక్క గాడి కోసిన ప్లైవుడ్ పలకను మీకూ దానికీ మధ్య అడ్డంగా పెట్టి, కాలు ఉన్న చోట మీటలు తొక్కి విడిపించాలి. మా పక్కింటి కుక్కను అలాగే విడిపించాను. కొంచెం కుంటుతూ ఇంటికి వెళ్లింది, నేను వెంటనే వెళ్లి యజమానికి చెప్పాను. పలకను సిద్ధంగా బండిలో ఉంచుకోకపోతే ఆ రోజు నా చేయి పోయేది.

కయోటీ పడితే ఆలస్యం చేయకూడదు. .22 తుపాకీతో, వెనుక నేల తప్ప మరేదీ లేని దిశలో నిలబడి, ఒక కంటి నుంచి ఎదుటి చెవి మొదటికి గీసిన రెండు ఊహాగీతలు కలిసే చోట దగ్గర నుంచి ఒకే దెబ్బ వేయండి. దాన్ని ప్రాణంతో వేరే చోటికి తీసుకువెళ్లి వదలడం టెక్సాస్‌లో నిషిద్ధం. 1988లో దక్షిణ టెక్సాస్‌లో కయోటీల్లో మొదలైన కుక్కల రేబిస్‌ను అణచడానికి 1995 నుంచి విమానాల ద్వారా టీకా ఎరలు చల్లవలసి వచ్చింది. జంతువుల తరలింపుపై ఆంక్షలూ ఆ కాలం నాటివే. చచ్చినదాన్ని కూడా ఒట్టి చేతులతో ముట్టుకోకండి, గజ్జి పురుగులు ఎక్కుతాయి. లాలాజలం తగిలినా, కరిచినా సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇదంతా మీ వల్ల కాదనిపిస్తే, వన్యప్రాణుల వల్ల కలిగే నష్టాన్ని అరికట్టే ప్రభుత్వ విభాగమైన టెక్సాస్ వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ వారికి ఈ పని తెలిసిన సిబ్బంది ఉన్నారు. వారిని అడగడంలో చిన్నతనం లేదు.

అనుకున్న రోజులు పూర్తయ్యాక, పడినా పడకపోయినా, ట్రాప్‌లన్నీ పీకేయండి. ఎక్కడ పెట్టినదీ ఫోన్ మ్యాప్‌లో ముందే గుర్తు పెట్టుకొని ఉంటే వెదుకులాట ఉండదు. మేకులు, గొలుసులు, ట్రాప్‌లు బండిలో వేసి లెక్కపెట్టండి, ఒక్కటి తక్కువైనా వెనక్కి వెళ్లండి. బొరియలు పూడ్చి, నేల చదును చేసి, గేటు మీద బోర్డు విప్పి, కుక్కలను వదలవచ్చని పక్క పొలం వారికి కబురు పెట్టండి.